తెర వెలుగుకీ మూర్ఛకీ మధ్య రెండు దారులు

1997 డిసెంబర్ 16 సాయంత్రం ఆరున్నరకు జపాన్‌లో టీవీ టోక్యో పోకెమాన్ కార్టూన్ కొత్త భాగాన్ని ప్రసారం చేసింది. మొదలై ఇరవై నిమిషాలు గడిచేసరికి తెర మీద ఒక పేలుడు దృశ్యం వచ్చింది. ఎరుపు, నీలం సెకనుకు సుమారు 12 సార్ల చొప్పున మారుతూ తెరంతా మెరిశాయి. అంతా కలిపి నాలుగైదు సెకన్లు. ఆ రాత్రి 685 మందిని అంబులెన్సుల్లో ఆసుపత్రులకు చేర్చారు, వాళ్ళలో అత్యధికులు పిల్లలే. కొందరికి తలనొప్పి, వాంతులు, కళ్ళు బైర్లు కమ్మడం. కొందరికి మాత్రం నిజంగానే ఫిట్స్. అలా ఫిట్స్ వచ్చినవాళ్ళలో చాలామందికి అంతకుముందు ఎన్నడూ రాలేదు. విడ్డూరమేమిటంటే, ఈ వార్త చెబుతూ అదే దృశ్యాన్ని టీవీలో మళ్ళీ చూపించేసరికి, అది చూసి మరికొందరు పడిపోయారు. తెరకీ మూర్ఛకీ సంబంధం ఉందని ప్రపంచం నమ్మడానికి ఆ ఒక్క సాయంత్రం చాలింది. నమ్మకం తప్పు కాదు, సగమే నిజం. తెర నుంచి మూర్ఛకు వెళ్ళే దారులు రెండున్నాయి. మొదటిది సూటిది, క్షణాల్లో తేలిపోతుంది, చాలా కొద్దిమందికే వర్తిస్తుంది. రెండోది నిద్ర మీదుగా చుట్టుతిరిగి వెళ్తుంది. దాని ఫలితం మర్నాడు పొద్దున గానీ కనిపించదు, కానీ మూర్ఛవ్యాధి ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి అసలు సంగతి అదే. మన ఇళ్ళల్లో భయమంతా మొదటిదాని మీద, అశ్రద్ధంతా రెండోదాని మీద.

మొదటి దారి శాస్త్రవేత్తలకు చాలాకాలంగా తెలుసు. మిణుకుమిణుకుమనే వెలుగును కళ్ళ ముందు పెడితే మెదడు తరంగాలు ఆ లయనే అందుకుంటాయని కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ 1934లోనే చూపించారు. 1946లో గ్రే వాల్టర్ బృందం ఎలక్ట్రానిక్ మెరుపుదీపంతో ఆ ప్రయోగాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళింది. ఈరోజుకీ మెదడు తరంగాలను నమోదు చేసే పరీక్ష, ఈఈజీ, తీసే గదిలో టెక్నీషియన్ రోగి ముఖం ముందు దీపం పెట్టి, వేగం మార్చి మార్చి మెరిపించడం ఆ ప్రయోగాల వారసత్వమే. కొందరి మెదడు వెనుకభాగంలో, చూపును పట్టించుకునే ప్రాంతంలో, ఈ మెరుపులకు నాడీకణాలు ఒక్కసారిగా గుంపుగా స్పందిస్తాయి, ఆ ఉప్పెన మిగతా మెదడుకీ పాకుతుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైన వేగం సెకనుకు 15 నుంచి 20 మెరుపులు. రంగుల్లో చిక్కటి ఎరుపు. జనాభాలో ఇలాంటివాళ్ళు సుమారు నాలుగువేల మందికి ఒకరు. మూర్ఛ ఉన్నవాళ్ళలో నూటికి ముగ్గురి నుంచి అయిదుగురు. అంటే మూర్ఛ ఉన్న వందమందిలో తొంభై అయిదుగురికి మెరుపులతో పేచీయే లేదు. ఉన్నవాళ్ళకు కూడా అది ఏడేళ్ళకూ పంతొమ్మిదేళ్ళకూ మధ్య మొదటిసారి బయటపడటమే ఎక్కువ.

ఈ దారికి అడ్డుకట్ట వేయడంలో టీవీ పరిశ్రమ కొంత నిజాయితీగానే పనిచేసిందని చెప్పాలి. 1993లో బ్రిటన్‌లో ఒక నూడుల్స్ ప్రకటన కొందరిలో ఫిట్స్ తెప్పించాక, బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు గ్రాహం హార్డింగ్ సలహాతో అక్కడ నిబంధనలు వచ్చాయి. సెకనుకు మూడు మెరుపులు దాటకూడదన్నది వాటిలో ముఖ్యమైనది. పోకెమాన్ ఉదంతం తర్వాత జపాన్ కూడా అదే బాట పట్టింది. అంతకన్నా పెద్ద మేలు సాంకేతికత తానుగా చేసింది. పాత డబ్బా టీవీల్లో బొమ్మ గీతలు గీతలుగా పడేది. మన దేశంలో వాడిన పద్ధతిలో సెకనుకు 50 సార్లు తెర మెరిసేది, దగ్గరికి వెళ్ళి చూస్తే ఒక్కో గీత సెకనుకు 25 సార్లు మిణుకుమనేది. ఆ 25 అన్న అంకె ప్రమాదపు పరిధిలోదే. అందుకే ఆ రోజుల్లో టీవీకి దూరంగా కూర్చోమన్న సలహాకు గట్టి కారణం ఉండేది. ఇప్పటి పలక టీవీలూ ఫోన్లూ అలా మిణుకుమనవు. కొన్ని ఫోన్ తెరలు వెలుగు తగ్గించడానికి ఆరి వెలుగుతుంటాయి గానీ అది సెకనుకు వందలసార్లు, ఫిట్స్ తెప్పించే వేగానికి చాలా పైన. ఇప్పుడు ప్రమాదం తెరలో లేదు, తెర మీద ఆడే బొమ్మలో ఉంది. ఆటల్లోని పేలుళ్ళు, పాటల వీడియోల్లోని మెరుపులు, ఎవరు పడితే వాళ్ళు తయారుచేసి వదిలే చిన్న వీడియోలు ఏ టీవీ నిబంధన కిందికీ రావు.

ఫోన్ చిన్నది కదా, అంత చిన్న తెర ఏం చేస్తుందిలే అంటారు. కొలిచి చూద్దాం. కంటికి పట్టే పరిమాణం తెర పొడవు మీద మాత్రమే ఆధారపడదు, దూరం మీద కూడా ఆధారపడుతుంది. 43 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. మూడు మీటర్ల దూరం నుంచి చూస్తే అది కంటి ముందు 18 డిగ్రీల మేర పరుచుకుంటుంది. పదిహేను సెంటీమీటర్ల పొడవున్న ఫోన్‌ను అడ్డంగా తిప్పి, పక్క మీద పడుకుని జానెడు దూరంలో పట్టుకుంటే 33 డిగ్రీలు దాటుతుంది. అంటే దుప్పటి కింద ఫోన్, హాల్లోని టీవీకి దాదాపు రెట్టింపు. చుట్టూ చీకటి ఉంటే మెరుపుకీ నేపథ్యానికీ తేడా ఇంకా పెరుగుతుంది. మెరుపులు పడనివాళ్ళకు ఇది నిజమైన ప్రమాదం. వాళ్ళు గదిలో లైటు వేసుకుని, తెర దూరంగా పెట్టి చూడాలి. ఉన్నట్టుండి మెరుపులు మొదలైతే రెండు కళ్ళూ మూసుకోవడం కన్నా అరచేత్తో ఒక కన్నును పూర్తిగా కప్పి తల తిప్పేయడం మేలు. మూసిన రెప్పల్లోంచి వెలుగు ఎర్రబడి లోపలికి వస్తూనే ఉంటుంది. ఒక కన్నును పూర్తిగా కప్పితే మెదడులో స్పందించే భాగం బాగా తగ్గిపోతుంది.

ఇంతకీ ఇలాంటివాళ్ళు ఉన్న ఇంట్లో ఫోన్ కన్నా ముందు చూడవలసింది సీలింగ్ ఫ్యాన్‌ని. నిమిషానికి 330 చుట్లు తిరిగే మూడు రెక్కల ఫ్యాన్ తనకు పైనున్న బల్బు వెలుగును సెకనుకు పదహారుసార్లకు పైగా కోస్తుంది. మంచం మీద వెల్లకిలా పడుకున్నవాళ్ళ కళ్ళకు అది సరిగ్గా ఆ ప్రమాదకరమైన లయలోనే తగులుతుంది. రెగ్యులేటర్ ఒకటో రెండో మెట్లు తగ్గించినా సెకనుకు పది మెరుపులకు దిగుతుందే తప్ప పరిధి దాటి బయటికి పోదు. లైటును ఫ్యాన్ కన్నా కిందికి, గోడ మీదికి మారిస్తే సరిపోతుంది. చౌకగా అయిపోయే పని ఇది. కానీ ఫిట్స్ ఉన్న పిల్లల గదుల్లో దీన్ని గమనించేవాళ్ళు అరుదు.

ఇక రెండో దారి. కంటిలో చూపు కోసం పనిచేసే కణాలతో పాటు, వెలుగు ఎంత ఉందో కొలిచి మెదడుకు కబురు పంపే కణాలు వేరే ఉన్నాయి. వాటిలో ఉండే మెలనాప్సిన్ అనే పదార్థాన్ని 1998లో ఇగ్నాషియో ప్రొవెన్సియో బృందం మొదట కప్ప చర్మంలో కనిపెట్టింది. అది ఉన్న నేత్రకణాలు తమంత తామే వెలుగుకు స్పందిస్తాయని 2002లో డేవిడ్ బెర్సన్ బృందం చూపింది. ఈ కణాలు అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకునేది 480 నానోమీటర్ల దగ్గరి నీలిరంగు వెలుగును. వాటి కబురు మెదడు అడుగున ఉన్న గడియార కేంద్రానికి వెళ్తుంది. వెలుగు తగ్గితే అక్కడి నుంచి పీనియల్ గ్రంథికి అనుమతి వస్తుంది, మెలటోనిన్ ఊరుతుంది, శరీరం రాత్రయిందని గుర్తిస్తుంది. చూపు పూర్తిగా పోయిన కొందరిలో కూడా కళ్ళలో ప్రకాశవంతమైన వెలుగు పడితే మెలటోనిన్ తగ్గిపోవడం 1995లోనే నమోదైంది. చూపుతో నిమిత్తం లేకుండా ఈ కబురు నడుస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మరి ఫోన్ వెలుగు ఈ గడియారాన్ని ఎంత కదిలిస్తుంది? ఇక్కడే లెక్క ప్రచారానికి ఎదురు తిరుగుతుంది. వెలుగును లక్సుల్లో కొలుస్తారు. ఎండలో నిలబడితే లక్ష లక్సులు. మబ్బు పట్టిన పగలు పదివేలు. ట్యూబ్‌లైటు ఉన్న గదిలో నూటి నుంచి రెండువందలు. రాత్రిపూట సగానికి తగ్గించుకున్న ఫోన్ తెర జానెడు దూరం నుంచి కంటిలో వేసేది ఇరవై లక్సుల లోపే. అంటే నిద్రకు ముందు మెలటోనిన్‌ను ఫోన్ కన్నా ఎక్కువగా అణిచేది తల మీది ట్యూబ్‌లైటు. హార్వర్డ్‌లో చార్లెస్ సైస్లర్ బృందం 2015లో వెలువరించిన ప్రయోగంలో పన్నెండుగురు పడుకునే ముందు నాలుగు గంటలపాటు, అయిదు రాత్రులు, మసక గదిలో ఐప్యాడ్ మీద పుస్తకం చదివారు. అచ్చు పుస్తకం చదివిన రాత్రులతో పోలిస్తే వాళ్ళలో మెలటోనిన్ సగానికి పైగా తగ్గింది, గడియారం గంటన్నర వెనక్కి జరిగింది. నిద్ర పట్టడానికి మాత్రం సుమారు పది నిమిషాలే ఎక్కువ పట్టింది. ఆ మరుసటి ఏడాది స్వీడన్‌లోని ఉప్సలా పరిశోధకులు పగలంతా ప్రకాశవంతమైన వెలుగులో గడిపినవాళ్ళకు రాత్రి రెండు గంటలు ట్యాబ్లెట్ ఇచ్చి చూస్తే, అచ్చు పుస్తకంతో ఏమీ తేడా కనిపించలేదు. పగలు తగినంత వెలుగు చూసిన కన్నుకు రాత్రి కాసింత వెలుగు పెద్దగా అంటదన్నమాట.

అయితే ఇదంతా వట్టి హడావుడేనా? అలా కొట్టిపారేయలేం, రెండు కారణాలున్నాయి. ఒకటి, మనుషులు ఒక్కలా లేరు. ఆస్ట్రేలియాలో 2019లో వెలువడిన పరిశోధనలో మెలటోనిన్‌ను సగానికి తగ్గించడానికి ఒకరికి ఆరు లక్సులు చాలితే, మరొకరికి మూడువందల యాభై కావలసి వచ్చింది. కాబట్టి ‘నాకేం కాదు’ అని తండ్రి అనడం అబద్ధం కాకపోవచ్చు, కానీ అది కొడుక్కి వర్తించదు. పైగా పిల్లల కంటిపాపలు పెద్దవి, కటకాలు తేటగా ఉంటాయి. ఇంటి వెలుగుకే వాళ్ళ మెలటోనిన్ పెద్దవాళ్ళ కన్నా దాదాపు రెట్టింపు తగ్గుతుందని జపాన్ పరిశోధకులు చూశారు. రెండో కారణం వెలుగుకు సంబంధించినదే కాదు. ఐప్యాడ్ ప్రయోగంలో పాల్గొన్నవాళ్ళకు పది గంటలకల్లా దీపం ఆర్పేశారు. మన ఇళ్ళల్లో ఆర్పేవాళ్ళు లేరు. ఒక వీడియో అవగానే ఇంకోటి దానంతట అదే మొదలవుతుంది, ఆటలో ఇంకో రౌండు మిగిలే ఉంటుంది, గ్రూపులో పన్నెండింటికి కూడా ఎవరో ఒకరు మెలకువగా ఉంటారు. తెర దోచేది పది నిమిషాలు కాదు, గంటన్నర, రెండు గంటలు. మర్నాడు బడి బస్సు మాత్రం ఏడింటికే వస్తుంది.

ఈ పోయిన గంటలే మూర్ఛ దగ్గరికి తీసుకెళ్తాయి. నిద్ర తగ్గితే మెదడు పొర ఉద్రేకం పెరుగుతుందని పుర్రె మీద అయస్కాంత స్పందన పెట్టి కొలిచిన ప్రయోగాలు చూపాయి. ఆరోగ్యవంతులలోనూ ఇది ఉంది, మూర్ఛ ఉన్నవాళ్ళలో మరింత ఎక్కువ. న్యూరాలజిస్టులు దీన్ని రోజూ వాడుకుంటారు కూడా. మామూలు ఈఈజీలో ఏమీ దొరకకపోతే, రాత్రి నిద్ర తగ్గించుకుని రమ్మని చెప్పి మళ్ళీ తీస్తారు, దాగున్న అలలు అప్పుడు బయటపడతాయి. మెల్‌బోర్న్‌లో మొండి మూర్ఛ ఉన్న పదిమంది మెదడు తరంగాలను పుర్రె లోపలి పరికరంతో నెలల తరబడి నమోదు చేసి, 2021లో ఫలితాలు ప్రకటించారు. మామూలు కన్నా గంటన్నర పైచిలుకు ఎక్కువ నిద్రపోయిన రాత్రి తర్వాత రెండు రోజుల్లో ఫిట్స్ వచ్చే అవకాశం పావువంతుకు పైగా తగ్గింది. పదిమందే కదా అనవచ్చు. నిజమే. కానీ డైరీల్లో జ్ఞాపకం మీద రాసుకున్న లెక్కల కన్నా, పుర్రె లోపలి నుంచి నెలలపాటు పలికిన సాక్ష్యానికి విలువ ఎక్కువ.

జబ్బుల్లో ఒకదాని దగ్గర ఈ రెండు దారులూ కలుస్తాయి. 1957లో జర్మన్ వైద్యుడు డీటర్ యాంజ్ వివరంగా వర్ణించిన యవ్వనపు మయోక్లోనిక్ మూర్ఛ అది. పన్నెండూ పద్దెనిమిదేళ్ళ మధ్య మొదలవుతుంది. పొద్దున లేవగానే చేతులు ఒక్కసారి ఎగిరిపడతాయి. పళ్ళు తోముకుంటుంటే బ్రష్షు ఎగిరి సింకులో పడుతుంది, పాలగ్లాసు చేతిలోంచి జారి గచ్చు మీద పడుతుంది. నిర్లక్ష్యమని అమ్మ కేకలేస్తుంది. వారాలో నెలలో ఇలాగే గడుస్తాయి. ఒక రాత్రి ఇంటర్ పరీక్షలకనో, పెళ్ళి ఇంట్లో జాగారమనో, క్రికెట్ మ్యాచ్ అనో నిద్ర పోదు. మర్నాడు పొద్దున పెద్ద ఫిట్ వస్తుంది. ఈ జబ్బున్నవాళ్ళలో సుమారు మూడోవంతు మందికి మెరుపులు కూడా పడవు. రాత్రి రెండింటిదాకా చీకట్లో ఫోన్‌లో ఆట ఆడిన ఇలాంటి కుర్రాడికి ఆ వేళ ఫిట్ వస్తే మెరుపును అనుమానించాలి. లేచిన గంటలో వస్తే మొదట అనుమానించవలసింది నిద్రను. ఈ తేడాను పట్టుకోవడానికి యంత్రం అక్కర్లేదు, గడియారం చాలు.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. 2002లో అమెరికాలో బెత్ మాలో బృందం ఆసుపత్రిలో పరీక్షలో ఉన్న 84 మంది రోగుల్లో కొందరిని రాత్రి విడిచి రాత్రి మెలకువగా ఉంచింది, మిగిలినవాళ్ళను మామూలుగా పడుకోనిచ్చింది. ఫిట్స్ సంఖ్యలో తేడా రాలేదు. నిద్రలేమి మూర్ఛను రేపుతుందన్న పాత నమ్మకానికి ఇది చెంపపెట్టు అని కొందరన్నారు. ఆ ప్రయోగం నిజాయితీగా చేసినదే, కానీ అది అడిగిన ప్రశ్న వేరు. ఆ రోగుల్లో ఎక్కువమందిది మెదడులో ఒకచోట మొదలయ్యే మూర్ఛ. యాంజ్ వర్ణించిన రకం కాదు. పరీక్ష కోసం మందులు తగ్గిస్తున్న రోజులవి. మందు తగ్గిన చోట నిద్ర చేసే చిన్న తేడా ఎలా కనిపిస్తుంది? పైగా ఒక రాత్రి మేల్కొన్నా మర్నాటి రాత్రి నిద్ర దొరికింది. నిద్రలేమి అందరికీ, అన్ని రకాల మూర్ఛల్లోనూ ఒకే స్థాయిలో హాని చేయదని ఆ ప్రయోగం నేర్పింది, నేర్చుకోవాలి. ఎవరికీ హాని చేయదని మాత్రం నేర్పలేదు.

ఇంకో అభ్యంతరం సూక్ష్మమైనది. నిద్ర చెడినందువల్ల ఫిట్స్ వచ్చాయా, ఫిట్స్ వల్ల నిద్ర చెడిందా? రాత్రిపూట వచ్చే చిన్న ఫిట్స్ మనిషికి తెలియకుండానే నిద్రను ముక్కలు చేస్తాయి. కొన్ని మందులు పగలు మగత తెస్తాయి, పగటి కునుకు రాత్రి నిద్రను తింటుంది, నిద్ర పట్టక ఫోన్ పట్టుకుంటారు. అంటే ఫోన్ కొందరి విషయంలో కారణం కాదు, లక్షణం. దీన్ని ఒప్పుకోవాలి. అందుకే తెల్లవారుజామున మూడింటికి ఫోన్ చూస్తూ దొరికిన పిల్లవాణ్ణి తిట్టే ముందు, మూడింటికి ఎందుకు లేచాడో డాక్టరును అడగాలి. అయితే కారణమైనా లక్షణమైనా చేతిలోకి వచ్చిన తెర ఆ పోయిన నిద్రను తిరిగి రానివ్వదు. చక్రంలో మన చేతికందే ఆకు అదొక్కటే.

ఇక అంగట్లో దొరికే కళ్ళజోళ్ళ సంగతి. నీలివెలుగును ఆపుతామనే పసుపు, నారింజ అద్దాలు కళ్ళ అలసటను తగ్గిస్తాయనడానికి ఆధారం కనిపించలేదని, నిద్రకు మేలు చేస్తాయో లేదో తేలలేదని అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి పరిశీలించిన కోక్రేన్ సమీక్ష 2023లో చెప్పింది. తమాషా ఏమిటంటే మెరుపులు పడనివాళ్ళకు ఇటలీ వైద్యులు పరీక్షించి సిఫారసు చేసినవి ముదురు నీలి అద్దాలు. ఎరుపును అడ్డుకోవడమే వాటి పని. నిద్ర కోసమని వేసుకునే నారింజ అద్దం నీలాన్ని ఆపి ఎరుపును యథేచ్ఛగా వదులుతుంది. ఒకే కుర్రాడికి రెండు సమస్యలూ ఉంటే ఒకదాని మందు రెండోదానికి పనికిరాదు. రంగుల అద్దాలకు పెట్టే డబ్బును అలారం గడియారానికి పెట్టడం తెలివైన పని. ఫోన్‌లో అలారం ఉందన్న సాకు కూడా పోతుంది.

ఫిట్స్ ఉన్న పిల్లలకు ఫోనూ, కంప్యూటరూ, చివరికి బడిలో ప్రొజెక్టరు కూడా పనికిరావని కట్టడి చేసే ఇళ్ళున్నాయి. ఈ కట్టడి అన్యాయం. మెరుపులతో పేచీ లేదని ఈఈజీలో తేలిన పిల్లవాడికి పగటిపూట తెరతో ప్రత్యేకంగా ఏ ప్రమాదమూ లేదు. చదువు నుంచీ స్నేహితుల నుంచీ వేరు చేస్తే మిగిలేది ఒంటరితనం, చాటుగా రాత్రిళ్ళు ఫోన్ చూడటం. నిషేధం కాదు కావలసింది, వేళ. పడుకునే ముందు గంట తెర లేకుండా, ట్యూబ్‌లైటు బదులు చిన్న పసుపు దీపంతో, రాత్రి మాత్ర రోజూ ఒకే సమయానికి పడేలా చూస్తే సగం పని అయిపోయినట్టే. జాగారం వల్ల పోయేది నిద్ర ఒక్కటే అనుకుంటాం గానీ, అలాంటి రాత్రుల్లో మాత్ర వేసుకోవడం మరిచిపోవడమూ మామూలే. మర్నాటి ఫిట్‌లో దేని వాటా ఎంతో విడదీయడం కష్టం. రాత్రి ఎంత జాగ్రత్తపడినా ఫిట్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం మానేయండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

డాక్టరు రాయమన్న ఫిట్స్ డైరీలో చాలామంది తేదీ, ఫిట్ ఎంతసేపు ఉందో మాత్రమే రాస్తారు. దాని పక్కన ఇంకో మూడు గళ్ళు గీయండి. ముందు రాత్రి ఎన్నింటికి నిద్రపోయాడు, ఎన్నింటికి లేచాడు, లేచిన ఎంతసేపటికి ఫిట్ వచ్చింది. రెండు మూడు నెలల డైరీ తీసుకెళ్తే, మీ పిల్లవాడిది ఏ దారో డాక్టరుకు చెప్పడం సులువవుతుంది.